గజిబిజి వెబ్‌సైట్‌ని పరీక్షించడం ఎలా: ఒక ఇంజినీరింగ్ కాలేజీ సైటు ఉదాహరణగా

"మన కాలేజీ వెబ్‌సైట్ ఒకసారి చూసి, ఏం బాలేదో చెప్పండి" అని అడిగితే చాలామంది చేసేదొకటే. హోమ్ పేజీ తెరుస్తారు. రంగులు కొట్టొచ్చినట్టున్నాయి, పాతకాలం సైటులా ఉంది, ఫొటోలు బాలేవు అని నాలుగు ముక్కలు రాసిస్తారు. యాజమాన్యం రంగులు మార్పిస్తుంది, కొత్త ఫొటోలు ఎక్కిస్తుంది. ఫీజు వివరాలు దొరక్క ఆఫీసుకి ఫోన్ చేసే తండ్రి మాత్రం మళ్లీ ఫోనే చేస్తాడు.

చూడ్డానికి బాగుండకపోవడం, వాడుకోవడానికి వీలుకాకపోవడం వేరువేరు జబ్బులు. 1995లో మొదలైన అమెరికా చిన్న ప్రకటనల సైటు క్రెయిగ్స్‌లిస్ట్ చూడండి. తెల్ల పేజీ మీద వరసగా నీలం లింకులు, అంతే. అందం ఊసే లేదు. అయినా పాత సోఫా అమ్మాలన్నా, అద్దెకు గది వెతకాలన్నా ఎక్కడ నొక్కాలో అనుమానం రాదు. మీరు పట్టుకోవాల్సింది రెండో జబ్బుని.

ఇంజినీరింగ్ కాలేజీ సైటునే ఉదాహరణగా తీసుకోవడానికి కారణం, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇది అందరూ ఎప్పుడో ఒకప్పుడు తిట్టుకున్న సరుకు కావడం. ఇక్కడ చెప్పేవి ఏ ఒక్క కాలేజీవో కాదు, చాలావాటిలో ఒకేలా కనిపించేవి. ఆస్పత్రి సైటుకైనా, మున్సిపాలిటీ సైటుకైనా పద్ధతి ఇదే. ల్యాప్‌టాప్ ఒకటి, మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి, ఎక్సెల్ షీటు, ఒక పూట మీకు, ఇంకో పూట మనుషులతో కూర్చోవడానికి ఉంటే చాలు.

1. సైటు తెరవకముందే పనుల జాబితా రాసుకోండి

మెనూలో ఏ మాటలున్నాయో ఒకసారి చూశారంటే ఆ తరవాత మీ ఆలోచనంతా ఆ మాటల్లోనే సాగుతుంది. అందుకే ముందు కాగితం. ఈ సైటుకి ఎవరొస్తారు, ఏ పని మీద వస్తారు?

ఈఏపీసెట్ ర్యాంకు వచ్చిన అమ్మాయి తండ్రి: ఫీజెంత, హాస్టల్ ఉందా, మా ఊరి మీదుగా కాలేజీ బస్సు నడుస్తుందా, వెబ్ ఆప్షన్లలో పెట్టాల్సిన కాలేజీ కోడ్ ఏమిటి. రెండో ఏడాది కుర్రాడు: సప్లీ ఫీజు కట్టడానికి ఆఖరు తేదీ, మిడ్ పరీక్షల టైమ్ టేబుల్, తన రెగ్యులేషన్ సిలబస్. 2018 నాటి ఆర్18 రెగ్యులేషన్ వాడికి 2022 నాటి ఆర్22 సిలబస్ దొరికితే దొరకనట్టే. డాలస్‌లో ఉన్న పాత విద్యార్థి: ట్రాన్స్‌క్రిప్టుకి ఎవరికి రాయాలి, ఎంత కట్టాలి, ఎన్నాళ్లు పడుతుంది. క్యాంపస్‌కి రావాలనుకుంటున్న కంపెనీ మనిషి: ప్లేస్‌మెంట్ ఆఫీసర్ నంబరు. కాలేజీలకి గ్రేడ్లిచ్చే న్యాక్ బృందాలు, సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ వాళ్లు కూడా వస్తారు. వాళ్ల సంగతి మూడో మెట్టులో చూద్దాం, అసలు కథ అక్కడే ఉంది.

ప్రతి పనినీ ఆ మనిషి నోటి మాటల్లోనే రాయండి. "అడ్మిషన్స్‌లో ఫీ స్ట్రక్చర్ వెతకండి" అని రాస్తే జవాబు మీరే అందించినట్టు. "మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్ఈ తీసుకుంటే మొదటి ఏడాది మొత్తం ఎంతవుతుంది?" అని రాయండి. ఏడెనిమిది పనులు చాలు. వాటిలో ఏవి దొరక్కపోతే కాలేజీకి నిజంగా నష్టమో వాటి పక్కన చుక్క పెట్టుకోండి. చివర్లో నివేదిక రాసేటప్పుడు ఆ చుక్కలే అక్కరకొస్తాయి.

2. హోమ్ పేజీని వదిలేసి మధ్యలో దిగండి

కాలేజీ పేరు, పక్కన హాస్టల్ ఫీజు అని గూగుల్లో కొట్టినవాళ్లు నేరుగా ఏదో లోపలి పేజీలో దిగుతారు. మీరూ అలాగే దిగండి. కళ్లు మూసుకుని ఒక లోపలి పేజీ ఎంచుకోండి, దాన్ని ప్రింటు తీయండి. సైటు ఎరగని మనిషి చేతిలో పెట్టి, పెన్నుతో గీయమనండి: ఇది ఎవరి సైటు, ఈ పేజీ దేని గురించి, ఈ సైటులో పెద్ద విభాగాలు ఏవి, ఇప్పుడు మనం ఉన్నది ఏ విభాగంలో, ఇక్కడినుంచి పైకి వెళ్లాలంటే ఎక్కడ నొక్కాలి. ఒక్కోదానికి రెండు మూడు సెకన్ల కంటే ఎక్కువ వెతికితే అక్కడ లోపం ఉన్నట్టే.

ఇక్కడ తరచూ దొరికేవి: పేజీకి శీర్షిక ఉండదు, నేరుగా పేరా మొదలైపోతుంది. బ్రౌజర్ ట్యాబ్ మీద అన్ని పేజీలకూ ఒకే పేరు ఉంటుంది, పది ట్యాబ్‌లు తెరిచినవాడికి ఏది ఏదో తెలియదు. ఉన్న విభాగం మెనూలో వేరే రంగులో కనబడదు. మెకానికల్ డిపార్ట్‌మెంట్ పేజీలోకి వెళ్లగానే పైనున్న మెనూ మాయమై దాని సొంత మెనూ వస్తుంది, వెనక్కి దారి ఉండదు. లోగో నొక్కితే హోమ్ పేజీకి వెళ్లాలన్నది వెబ్‌లో పాతుకుపోయిన అలవాటు. కొన్ని సైట్లలో లోగో ఉత్త బొమ్మ.

వీటన్నిటికంటే పెద్ద గుంట పీడీఎఫ్. గూగుల్ నుంచి వచ్చినవాడు స్కాన్ చేసిన సర్క్యులర్‌లో పడతాడు. అక్కడ మెనూ లేదు, లోగో లేదు, తరవాత ఏం చేయాలో చెప్పే లింకు లేదు. ఫోన్లో రెండు వేళ్లతో సాగదీసుకుంటూ చదవాలి. స్కాన్ కాబట్టి, చూపులేనివాళ్లకి తెరమీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాధారణంగా అందులో ఒక్క అక్షరమూ చదవలేదు. మీ జాబితాలోని ఎన్ని పనులకు జవాబు పీడీఎఫ్‌లో మాత్రమే ఉందో లెక్క రాయండి. ఈ ఒక్క అంకె యాజమాన్యానికి చాలా చెప్తుంది.

3. మెనూ మొత్తాన్ని ఎక్సెల్‌లోకి దించండి

మెనూలో ఉన్న ప్రతి మాటనీ, మౌస్ పెడితే జారే ఉపమెనూలతో సహా, ఒక్కో వరుసలో రాయండి. మొదటి నిలువు గడిలో పై మెట్టు, రెండో దాంట్లో దాని కిందది, మూడో దాంట్లో దానికీ కిందది. విసుగు పుట్టించే పనే. కానీ ఈ పరీక్ష మొత్తంలో ఇంత ఫలితమిచ్చే గంట ఇంకోటి లేదని నా అభిప్రాయం. దించాక పక్కన ఇంకో గడి పెట్టి "ఈ లింకు ఎవరి కోసం?" అన్నదానికి జవాబు రాయండి: చేరబోయేవాళ్లు, చదువుతున్నవాళ్లు, తల్లిదండ్రులు, పాత విద్యార్థులు, కంపెనీలు, తనిఖీ బృందాలు, యాజమాన్యం. ఒక్కో గుంపుకి ఒక్కో రంగు వేయండి.

రంగులు వేశాక షీటును దూరం నుంచి చూడండి. అబౌట్ అస్, విజన్ అండ్ మిషన్, చైర్మన్ సందేశం, సెక్రటరీ సందేశం, ప్రిన్సిపాల్ సందేశం, గవర్నింగ్ బాడీ, అకడమిక్ కౌన్సిల్, ఐక్యూఏసీ, ఏక్యూఏఆర్, ఎస్ఎస్ఆర్, ఎన్‌బీఏ, ఎన్ఐఆర్ఎఫ్, మాండేటరీ డిస్‌క్లోజర్. తనిఖీ బృందాల రంగు, యాజమాన్యం రంగు కలిసి షీటును కమ్మేసి ఉంటాయి. తండ్రి రంగు ఎక్కడో రెండు గళ్లలో ఉంటుంది.

దీనికి సైటు చేసిన కుర్రాణ్ని తిట్టక్కర్లేదు. న్యాక్‌కి పంపే నివేదికలో చాలా అంశాలకు ఆధారంగా కాలేజీ సైటులోని లింకులు ఇవ్వాలి. ఏఐసీటీఈ కూడా కొన్ని వివరాలు సైటులో తప్పనిసరిగా పెట్టమంటుంది. గడువు రేపనగా ఎవరో ఫోన్ చేసి "మెనూలో ఒకటి చేర్చు బాబూ" అంటారు. అలా చేరింది తరవాత ఎవరూ తీయరు. బయటివాళ్ల అవసరంతో పని లేకుండా లోపలి శాఖల పేర్లతో పెరిగిన మెనూ, వెళ్లే ఊరి పేరు బదులు డిపో పేరు రాసుకున్న బస్సు లాంటిది. నడిపేవాళ్లకి బాగానే అర్థమవుతుంది, ఎక్కాల్సినవాళ్లకే తెలియదు.

షీటులో ఇంకా వెతకాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒకే పనికి రెండు మూడు పేర్లు ఉన్నాయా చూడండి: ఎగ్జామినేషన్స్, ఎగ్జామ్ సెల్, ఎగ్జామ్ బ్రాంచ్, రిజల్ట్స్ అని నాలుగు చోట్ల ఉంటే సప్లీ ఫీజు నోటీసు ఏ దాంట్లో ఉందో పెట్టినవాడికే గుర్తుండదు. పొడి అక్షరాల పేర్లు గుర్తించండి. ఐక్యూఏసీ (కాలేజీ నాణ్యత వ్యవహారాలు చూసే లోపలి విభాగం) అంటే ఏమిటో పదిమంది తల్లిదండ్రులను అడిగి చూడండి. "అదర్స్", "మిసలేనియస్", "క్విక్ లింక్స్" కనిపిస్తే ఎర్రగీత గీయండి. క్విక్ లింక్స్ పెట్టారంటే, మామూలు మెనూలో ఏవీ త్వరగా దొరకవని వాళ్లకీ తెలుసన్నమాట. నొక్కితే "కమింగ్ సూన్" వచ్చేవి, ఎక్కడికీ వెళ్లనివి, చెప్పకుండా వేరే సైటుకి తీసుకెళ్లేవి కూడా రాసుకోండి.

ఇప్పుడు చిన్న పరీక్ష. సైటు చూపించకుండా పై మెట్టు మాటలు మాత్రం కాగితం మీద రాసి ఒక మనిషికివ్వండి. "పాత విద్యార్థివి, ట్రాన్స్‌క్రిప్టు కావాలి. వీటిలో ఏది నొక్కుతావు?" అని అడగండి. అతను చెప్పిన మాట కింద ఉన్నవి ఇంకో కాగితం మీద చూపించండి, మళ్లీ అడగండి. ఇలా ఆఖరు దాకా వెళ్లండి. రంగులు, ఫొటోలు, నెట్ వేగం ఏవీ లేవు కాబట్టి ఇక్కడ దారి తప్పితే తప్పు పూర్తిగా మెనూ మాటలదీ, వాటి పొందికదీ. కాగితం మీద సులువుగా చెప్పినవాడు సైటులో తికమకపడితే తప్పు పేజీ అమరికది. ఏ రోగానికి మందు వేయాలో ఈ తేడాతో తేలిపోతుంది. లేకపోతే మెనూ తప్పుకి కొత్త డిజైన్ కొని డబ్బు తగలేస్తారు.

4. మనుషుల్ని కూర్చోబెట్టి చూడండి, నోరు మాత్రం మెదపకండి

వాడుక సౌలభ్యం మీద దశాబ్దాలుగా పనిచేసిన యాకబ్ నీల్సన్, థామస్ లాండవర్‌తో కలిసి 1993లో ప్రచురించిన లెక్క ఒకటి ఈ రంగంలో అందరికీ తెలుసు. ఒక్కో మనిషిని కూర్చోబెడితే సగటున మూడో వంతుకు కాస్త తక్కువ లోపాలు బయటపడతాయి, అయిదుగురికి వచ్చేసరికి దాదాపు 85 శాతం తేలతాయి. ఆ అయిదుగురూ ఒకే రకం వాడకందారులైతేనే ఈ లెక్క పనికొస్తుంది. తండ్రుల ఇబ్బందులు విద్యార్థులను కూర్చోబెడితే తెలియవు. కాబట్టి చుక్క పెట్టిన పనులకు ఏ గుంపు ముఖ్యమో ఆ గుంపు నుంచి ముగ్గురు నలుగురిని పిలవండి. కంప్యూటర్ సైన్స్ లెక్చరర్‌ని పిలవకండి, ఆయనకి అన్నీ తెలుసు.

ఫోన్ వాళ్ల చేతికివ్వండి. వీలైతే వాళ్ల సొంత ఫోనే. "మీకేమీ పరీక్ష లేదండీ, పరీక్ష ఈ సైటుకి. వెతుకుతున్నప్పుడు మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెప్తూ ఉండండి చాలు" అనండి. తరవాత ఒక పని కాగితం ఇచ్చి ఊరుకోండి. ఊరుకోవడమే కష్టం. లింకు కళ్ల ముందే ఉన్నా పెద్దాయన కిందికి పైకి జరుపుతూ ఉంటే "అదిగో బాబాయ్, ఆ పక్కన" అనాలని నాలుక దురద పెడుతుంది. అన్నారా, ఆ పరీక్ష అక్కడితో చెడినట్టే. "ఇప్పుడేం చేయాలి?" అని అడిగితే "నేనిక్కడ లేకపోతే ఏం చేసేవారు?" అని తిరిగి అడగండి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. అయ్యాక "ఎలా ఉందండీ సైటు?" అంటే మర్యాదకి "బాగానే ఉంది" అంటారు, పదినిమిషాలు వెతికి దొరక్క వదిలేసినవాళ్లు కూడా. లేదా "నాకీ ఫోన్లవీ రావు బాబూ, మా వాడైతే చూసేవాడు" అని తప్పు తమ మీద వేసుకుంటారు. ఆ మాట వినపడినప్పుడల్లా సైటు ఖాతాలో ఒక లోపం రాసుకోండి. అభిప్రాయం అడగకండి, వేళ్లను చూడండి. మొదట ఎక్కడ నొక్కారు, ఎన్నిసార్లు వెనక్కి వచ్చారు, ఎక్కడ ఆగి చదివారు, ఎప్పుడు "ఆఫీసుకి ఫోన్ చేస్తాలే" అన్నారు. మొదటి నొక్కుడు సరైనచోట పడిందా లేదా అన్నది అన్నిటికంటే విలువైన సమాచారం.

5. పేజీ అమరిక: ఏది ముందు కంట్లో పడుతోంది?

హోమ్ పేజీ స్క్రీన్‌షాట్ తీసి, అక్షరాలు చదవడానికి వీల్లేనంత చిన్నది చేయండి, లేదా ఫొటో ఎడిటర్‌లో మసకబార్చండి. అప్పుడు ఏం కనిపిస్తోంది? ఆ మసకలో ఏది ముందుకొస్తే పేజీ దాన్నే ముఖ్యమంటోందన్నమాట. మీ జాబితాలో చుక్క పెట్టిన పనులకు దారి అందులో ఆనవాలైనా ఉందా?

సాధారణంగా కనిపించేది ఇది: పైన జరుగుతూ పోయే ఫొటోల వరస, అందులో ముఖ్య అతిథికి శాలువా కప్పుతున్న దృశ్యం. దాని కింద కుడి నుంచి ఎడమకి పాకే నోటీసుల పట్టీ. ప్రతి నోటీసు పక్కనా మిణుకుమిణుకుమనే "న్యూ". పేజీ తెరవగానే మీదపడే ప్లేస్‌మెంట్ పోస్టరు, రోడ్డు మీద కట్టిన ఫ్లెక్సీ ఫైలునే తెచ్చి అతికించినది.

వీటిలో ఒక్కోదాని తప్పేమిటో రాయాలి, "గందరగోళంగా ఉంది" అంటే సరిపోదు. పాకే పట్టీలో లింకు కదులుతూ ఉంటుంది కాబట్టి వేలితో పట్టుకోవడం కష్టం, నెమ్మదిగా చదివేవాళ్లు పూర్తి చేసేలోపు వాక్యం వెళ్లిపోతుంది. ఆ పట్టీ వేయడానికి వాడే మార్కీ ట్యాగ్‌ను హెచ్‌టీఎంఎల్ ప్రమాణం ఎప్పుడో వాడకూడనిదిగా ప్రకటించింది. వెబ్ అందుబాటు ప్రమాణం డబ్ల్యూసీఏజీ ప్రకారం, దానంతటది కదలడం మొదలుపెట్టి అయిదు సెకన్లకు మించి కదిలే దేన్నయినా వాడకందారు ఆపగలగాలి. ఫొటోల వరసకీ ఇదే నియమం. ఇక ప్రతిదాని పక్కనా "న్యూ" ఉంటే ఏదీ కొత్తది కానట్టే. నిరుడు సంక్రాంతి ముగ్గుల పోటీ నోటీసు పక్కన ఇంకా అది మెరుస్తూ ఉంటే స్క్రీన్‌షాట్ తీసుకోండి. మాటలకంటే అది బాగా పనిచేస్తుంది.

ఒక సూక్ష్మం గమనించండి. ప్రకటనలా కనిపించేదాన్ని జనం కళ్లు వాటంతటవే దాటేస్తాయి. ఈ రంగంలో దీన్ని 1990ల చివరినుంచే గమనించారు. "అడ్మిషన్లు ప్రారంభం" అని కుడిపక్కన రంగురంగుల పెట్టెలో పెట్టి, అందరూ చూస్తారనుకుంటారు. పెట్టె ఎంత మెరిస్తే అంత ప్రకటనలా కనిపిస్తుంది, అంతగా చూపు తప్పించుకుంటుంది. మీ మనుషుల పరీక్షలో ఇది జరిగితే తప్పక రాయండి.

లోపలి పేజీల్లో చూడాల్సినవి త్వరగా చెప్పేస్తాను. ఏది లింకో ఏది మామూలు మాటో తేడా తెలుస్తోందా. ఉపశీర్షికలు ఉన్నాయా, లేక పేజీ అంతా ఒకే ముద్దా. అక్షరాలకీ వెనకరంగుకీ తేడా చాలినంత ఉందా: మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5కి 1 నిష్పత్తి ఉండాలని డబ్ల్యూసీఏజీ చెప్తుంది, రంగుల కోడ్‌లు ఇస్తే లెక్కకట్టే ఉచిత సాధనాలు బోలెడు. వేలితో నొక్కాల్సినవి 24 పిక్సెళ్ల కంటే చిన్నవిగా, ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయా. ఈ నియమం 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 కూర్పులో చేరింది.

6. తెలుగు ఉన్న సైటైతే ఇవి ప్రత్యేకంగా చూడండి

పైనున్న "తెలుగు" బొత్తాం లోపలి పేజీలో ఉండగా నొక్కండి. అదే పేజీ తెలుగులో రావాలి. చాలాచోట్ల హోమ్ పేజీకి విసిరేస్తుంది, మళ్లీ మొదటినుంచి వెతుక్కోవాలి. కొన్నిచోట్ల మెనూ మాత్రం తెలుగులోకి మారి, లోపల అంతా ఇంగ్లిషే ఉంటుంది.

తెలుగు వాక్యం ఒకటి కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. పిచ్చి గుర్తులు వస్తే అది యూనికోడ్ కాదు, డీటీపీ కోసం పాత ఫాంట్లలో కొట్టినది. అసలు కాపీయే కాకపోతే అది బొమ్మ. రెండూ గూగుల్‌కి సరిగా దొరకవు, ఫోన్ సరిగా చదివి వినిపించలేదు.

తరవాత వత్తులు చూడండి. ఇంగ్లిషు కోసం పెట్టిన వరుసల ఎడం తెలుగుకి చాలదు. స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి వంటి మాటల కిందిభాగం తెగిపోయిందా, పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతోందా? ఇంగ్లిషులో అక్షరం సైజుకి 1.4 రెట్ల దగ్గర ఉన్న ఎడం తెలుగు పేజీల్లో 1.6 రెట్ల నుంచి మొదలుపెట్టి చూడమనండి. "అప్లై" పట్టే బొత్తాంలో "దరఖాస్తు చేయండి" పట్టదు కాబట్టి బొత్తాలు, మెనూ గళ్లు పొంగుతున్నాయేమో కూడా చూడండి. తెలుగుని పక్కకి వాల్చి ఇటాలిక్‌లా రాస్తే చదవలేం, అది కనిపిస్తే తీసేయమనండి.

7. ఫోన్, నెమ్మది నెట్, కీబోర్డు

అసలు ఫోన్‌లోనే చూడండి, ల్యాప్‌టాప్‌లో కిటికీ చిన్నది చేసి సరిపెట్టుకోకండి. మౌస్ పెడితే తెరుచుకునే మెనూలు ఫోన్‌లో పనిచేస్తాయా? పై మాట నొక్కగానే పేజీ మారిపోయి, కిందివాటిని చూసే అవకాశమే పోతోందా? మూడు గీతల గుర్తు వెనక దాచిన మెనూలో మూడో మెట్టుకి చేరడానికి ఎన్నిసార్లు నొక్కాలి? మీదపడ్డ పోస్టరు మూసే గుర్తు తెర బయట ఉండిపోయిందా?

ల్యాప్‌టాప్‌లో క్రోమ్ తెరిచి ఎఫ్12 నొక్కితే వచ్చే నెట్‌వర్క్ ట్యాబ్‌లో నెట్ వేగం తగ్గించి చూసే వీలుంది. ముఖ్యమైన భాగం తెరపైకి రావడానికి రెండున్నర సెకన్లు గూగుల్ పెట్టుకున్న హద్దు. పేజీ తెరుచుకుంటూ ఉండగా నొక్కబోయిన లింకు కిందికి జారిపోయి వేరేది నొక్కుడుపడుతోందా అన్నది దానికంటే నాకు ముఖ్యం. పేజీ వేగం కొలిచే సాధనాలు నూటికి ఇన్ని మార్కులని ఇస్తాయి. ఆ మార్కులు నివేదికలో మొదటి పేజీలో పెట్టకండి. మెనూలో మాటలు అర్థమవుతున్నాయో లేదో ఆ యంత్రానికి తెలియదు.

మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ కీ ఒక్కటే నొక్కుతూ మెనూ అంతా తిరగండి. ఎక్కడున్నారో తెరమీద గుర్తు కనపడకపోయినా, ఉపమెనూలోకి వెళ్లలేకపోయినా, చేతులతో మౌస్ పట్టలేనివాళ్లకి సైటు మూసేసినట్టే. ఆ తరవాత జూమ్ 200 శాతం చేసి, ఏవైనా ఒకదానిమీదొకటి ఎక్కుతున్నాయేమో చూడండి.

8. వెతుకుపెట్టె, పాత కాగితాలు

సైటులో వెతుకుపెట్టె ఉంటే అందులో "సప్లీ" అని, "బస్సు రూట్లు" అని కొట్టండి. తరవాత గూగుల్‌లో ఇంగ్లిషులో site: అని, దానికి ఆనుకునే కాలేజీ వెబ్ చిరునామా వేసి, పక్కన "ఫీజు"కి ఇంగ్లిషు మాట కొట్టి చూడండి. మెనూలో ఎక్కడా లేని పాత ఫీజు పట్టికలు అక్కడ బయటపడతాయి. తల్లిదండ్రులకి అవే ముందు దొరుకుతున్నాయి. నోటీసుల్లో ఏడాది ఉందో లేదో ప్రత్యేకంగా చూడండి. "ఆఖరు తేదీ 15" అని మాత్రమే ఉన్న నోటీసు ఏ ఏడాదిదో తెలియక ఫీజు కట్టే గడువు దాటేసిన విద్యార్థి ప్రతి బ్యాచ్‌లో ఉంటాడు.

9. నివేదిక రాయడం

ఇప్పటికి మీ దగ్గర పెద్ద చిట్టా తయారై ఉంటుంది. దాన్ని యథాతథంగా ఇవ్వకండి, ఎవరూ చదవరు. నీల్సన్ తీవ్రతకి వాడిన 0 నుంచి 4 కొలత ఇక్కడ బాగా పనికొస్తుంది: 0 అంటే సమస్యే కాదు, 1 పైపై లోపం, 2 చిన్నది, 3 పెద్దది, 4 అంటే ఇది సరిచేయకుండా సైటు నడపకూడదు. అంకె వేసేముందు మూడు చూడండి: ఎంతమందికి ఎదురవుతుంది, ఎదురైతే దాటగలరా, ఒకసారి తెలుసుకుంటే చాలా లేక ప్రతిసారీ తగులుతుందా. చుక్క పెట్టిన పనికి అడ్డం పడితే 3 కంటే తక్కువ వేయకండి. ముందు పేజీలో 4లు, 3లు మాత్రమే ఉండాలి, మిగతావి వెనక అనుబంధంలోకి.

ఒక్కో లోపం ఇలా రాయండి. ఇది నమూనా మాత్రమే:

పని: ట్రాన్స్‌క్రిప్టుకి దరఖాస్తు ఎలా చేయాలో తెలుసుకోవడం. ఎవరు: పాత విద్యార్థులు. ఏం జరిగింది: నలుగురిలో ముగ్గురు ముందు "అలుమ్ని" నొక్కారు. అక్కడ సమ్మేళనం ఫొటోలు తప్ప ఏమీ లేవు. ఇద్దరు వదిలేశారు. అసలు వివరం "ఎగ్జామ్ బ్రాంచ్" కింద ఒక స్కాన్ పీడీఎఫ్‌లో ఉంది. కారణం: వివరం శాఖ పేరు కింద ఉంది, వెతికేవాళ్లు తమ పేరు కింద వెతుకుతున్నారు. తీవ్రత: 3. సవరణ: అలుమ్ని పేజీలో మొదటి లింకుగా "ట్రాన్స్‌క్రిప్టు, సర్టిఫికెట్లు". పీడీఎఫ్‌లోని విషయం మామూలు పేజీగా, ఫీజు, వ్యవధి, ఈమెయిల్ చిరునామాతో.

"అమరిక మెరుగుపరచాలి" వంటి వాక్యం ఒక్కటీ ఉండకూడదు. సైటు చేసేవాడు చదివి, ఇంకో ప్రశ్న అడక్కుండా పని మొదలుపెట్టగలగాలి. బాగున్నవి కూడా రెండు మూడు రాయండి. మొహమాటానికి కాదు, మార్పుల ఊపులో వాటినీ పీకేయకుండా ఉండటానికి.

చైర్మన్ గారి ఫొటో విషయం ఎలాగూ వస్తుంది. తీసేయమని రాస్తే నివేదిక మొత్తం పక్కకి పోతుంది. ఫోన్ మొదటి తెర మీద ఫీజు, బస్సులు, ఫలితాలు, ట్రాన్స్‌క్రిప్టు అనే నాలుగు బొత్తాలు ఉండాలని, సందేశాలు, ఫొటోలు వాటి కింద వస్తాయని బొమ్మ గీసి చూపించండి. దానికి తోడు మనుషుల పరీక్షలో పెద్దాయన ఫీజు కోసం మూడు సందేశాలు దాటుకుంటూ వెళ్తున్న వీడియో, ఆయన అనుమతితో తీసింది, ఒక్క నిమిషం వేసి చూపిస్తే వాదన అక్కర్లేదు.

న్యాక్, ఏఐసీటీఈ లింకులన్నీ మెనూలోంచి తీసి, పేజీ అడుగున ఒకే "తప్పనిసరి వివరాలు" పేజీ కిందికి చేర్చమని మీరు సలహా ఇస్తారు కదా, దానికి ఒక షరతు జోడించండి. ఆ పేజీల పాత చిరునామాలు ఇప్పటికే పంపిన నివేదికల్లో ఉన్నాయి. చిరునామా మారితే పాతదాన్ని నొక్కినవాళ్లు కొత్తదానికి చేరేలా 301 మళ్లింపు పెట్టమని, ఆ చిట్టాను ఐక్యూఏసీ సమన్వయకర్త చేత సరిచూయించుకోమని రాయండి. మార్పులయ్యాక అవే పని కాగితాలతో, సైటు చూడని కొత్త మనుషులతో, నాలుగో మెట్టు మళ్లీ చేయండి.